పలు పుస్తకాల చదువరి: గోదావరి సరిహద్దు చరిత్ర నుంచి

వొకేసారి రెండు మూడు పుస్తకాలు చదివేవారిని చూసి పెద్దలు ముఖం చిట్లించడం మనలో కద్దు. చేపట్టిన గ్రంథం ముగించకుండా మరొకటి తెరవడం నిలకడలేని మనసుకు గుర్తని వారి అభిప్రాయం. ఆ అలవాటు నాకూ వుంది. యిది రాస్తున్నప్పుడు కూడా నా బల్లమీద నాలుగు పుస్తకాలు బోర్లించి వున్నాయి. దాన్ని సమర్థించుకోవడానికి కాదు యీ వ్యాసం. వ్యక్తి స్వభావమని మనం కొట్టిపారేసే అలవాటు వెనక వొక ప్రాంతపు చరిత్ర వుండవచ్చు. ఖమ్మం–భద్రాచలం అడవి సరిహద్దు అందుకు మంచి నిదర్శనం.

ముందు పాత పద్ధతి సంగతి. తాళపత్రాల కాలంలోనూ, అచ్చుపుస్తకం వచ్చిన కొత్తలోనూ పల్లెలో చదువంటే చాలావరకు పురాణ కాలక్షేపమే. వొకరు చదువుతారు, పదిమంది వింటారు. వ్యాసపీఠం మీద పట్టేది వొక్క గ్రంథమే. రామాయణం పట్టాభిషేకం దాకా నడవాలి, ఆ తర్వాతే మరొకటి. దీన్ని మనం ఏకాగ్రత అని గౌరవంగా చెప్పుకుంటాం. కాని అందులో సగం లేమి. వూరికి వున్నది వొక పుస్తకం, దాన్ని చదవగలిగినవాడు వొకడు. యిందులో యిలా వుంది, మరొకదానిలో మరోలా వుందే అని అడగడానికి ఆ రెండవ పుస్తకం శ్రోత చేతికి రాదు. చదివేవాడు చెప్పిందే అర్థం. వొకే గ్రంథాన్ని పట్టుకుని చదివే పద్ధతిలో దాగిన యీ పెత్తనాన్ని మన విమర్శకులు తగినంత పట్టించుకోలేదు.

యిక సరిహద్దు. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిషువారికి వదులుకున్నాడు. మొదట అది మధ్యపరగణాలలో వుండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరింది. అవతలి వొడ్డు, బూర్గంపహాడూ పాల్వంచా, నిజాం రాజ్యంలోనే మిగిలాయి. నెలకొండపల్లి గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వుండి భద్రాద్రి గుడి కట్టించిన కాలంలో యీ రెండు వొడ్లూ వొకే పాలనలోవి. యిప్పుడు నడుమ వున్న యేరు రెండు ప్రభుత్వాల హద్దయింది. రాముడి కల్యాణానికి యేరు దాటి వచ్చే భక్తుడు వొక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి వచ్చినట్టే.

హద్దు భూమికి మాత్రమే పడలేదు, చదువుకూ పడింది. ఉత్తరపు వొడ్డున బడులు కొద్దివే అయినా వాటి చదువు తెలుగులో సాగింది. దక్షిణాన ప్రభుత్వ భాష ఉర్దూ, పై తరగతుల చదువు ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వొక భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పడం నిస్సందేహంగా గొప్ప ప్రయోగమే. కాని ఆ భాష మెజారిటీ ప్రజల నోట వున్న భాష కాదు. దీని ఫలితం యేమిటి? ఖమ్మంలో చదివే తెలుగు పిల్లవాడు పగలు కుడినుంచి యెడమకు చదివాడు, రాత్రి యెడమనుంచి కుడికి చదివాడు. పాఠ్యపుస్తకం వొక లిపిలో, మనసుకు పట్టిన పుస్తకం మరొక లిపిలో. వొకటి ముగించి మరొకటి పట్టే వెసులుబాటు అతనికి లేదు. మొదటిది మానితే పరీక్ష పోతుంది, రెండవది మానితే తన భాషే పోతుంది.

యీ బలవంతపు జంటచదువు అందరికీ మేలు చేసిందని నేననను. యెందరినో అది బడినుంచే వెళ్లగొట్టింది. అయితే తట్టుకుని నిలిచినవారిలో అదొక ప్రత్యేక శక్తిగా మారింది. దాశరథి కృష్ణమాచార్య (జననం 1925) ఖమ్మంలో మెట్రిక్ చదివాడు. యింట్లో తండ్రి ద్వారా సంస్కృతమూ ద్రావిడ ప్రబంధమూ, బడిలో ఉర్దూ, బయట ఉద్యమ సాహిత్యమూ ఆయనకు అందాయి. నిజామును ధిక్కరించి జైలుకు వెళ్లినవాడే గాలిబును తెలుగు చేశాడు. రాజును ద్వేషించి అతని ఆస్థానభాషను ప్రేమించడం వొక్క పుస్తకమే చదివినవాడికి సాధ్యమయ్యే పని కాదు. తమ్ముడు రంగాచార్య సంగతీ అంతే. ‘చిల్లర దేవుళ్లు’ రాసిన చేయే నాలుగు వేదాలనూ తెలుగులోకి తెచ్చింది. దీన్ని వైరుధ్యమని వేళాకోళం చేసేవారున్నారు. నాకు అది యీ నేల మీది చదువరి సహజ లక్షణంగా కనిపిస్తుంది.

పుస్తకాలు వచ్చిన దారి కూడా చూడాలి. 1889లో బెజవాడను నిజాం రైలుతో కలిపిన మార్గం మధిర, ఖమ్మం మీదుగా పోతుంది. బొగ్గు ఆ దారిన దిగువకు పోయింది, అచ్చుకాగితం యెగువకు వచ్చింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలిశాయి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. చరిత్ర, పదార్థశాస్త్రం, నవల వొకే మండలి ముద్రతో వొకే యింటికి చేరడం కొత్త విషయం. వొక విషయాన్ని మరొకదానితో తూచి చూసే చదువరి యిక్కడ పుట్టాడు.

యీ సందర్భంలో వట్టికోట ఆళ్వారుస్వామిని తలచుకోకుండా ముందుకు పోలేను. బెజవాడ హోటల్లో సర్వరుగా పనిచేసిన మనిషి, బడిచదువు అంతంతమాత్రం. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుని వూరూరా తిరిగి అమ్మాడు. పుస్తకాల మూట యెత్తినవాడికి వొక్క పుస్తకంతో సరిపెట్టుకోవడం యెలా వీలవుతుంది? నిజామాబాదు జైలులో ఆయనా దాశరథీ కలిసి వున్నారు. కాగితం లేని చోట దాశరథి పద్యాలు గోడకెక్కాయి. ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చాడు. పుస్తకాలు అమ్మినవాడికి పుస్తకం అంకితం కావడం అరుదు.

ఆ తర్వాతి కాలాన్ని క్లుప్తంగా చెబుతాను. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం, 1955లో హైదరాబాదు గ్రంథాలయ చట్టం వచ్చాయి. 1956లో రాష్ట్రాలు వొకటైనా, 1960లో వుమ్మడి చట్టం వచ్చేదాకా రెండు చట్టాలూ నడిచాయి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. దాదాపు నూరేళ్ల తర్వాత రెండు వొడ్లూ వొకే కలెక్టరు కిందికి వచ్చాయి.

యింతదాకా చెప్పిందంతా అక్షరం దక్కినవారి కథ. అదే అడవిలో కోయలున్నారు, కొండరెడ్లున్నారు. దుమ్ముగూడెంలో వున్న మిషనరీ జాన్ కెయిన్ 1870ల నుంచి కోయల గురించి రాశాడు. కొండరెడ్లపై హైమెండార్ఫ్ 1945లో గ్రంథం ప్రకటించాడు. వారిని గురించి చదవడానికి మనకు పుస్తకాలు వచ్చాయి. వారు చదవడానికి వారి భాషలో పుస్తకం రావడానికి చాలా కాలం పట్టింది. బడికి వెళ్లిన కోయపిల్ల తెలుగు వాచకం తెరిచి, దాన్ని మనసులో కోయలోకి మార్చుకుంటూ చదువుతుంది. అచ్చులో వొకటే పుస్తకం, నిజానికి చదివేది రెండు. ఖమ్మం పిల్లవాడికి ఉర్దూ చేసిన పనే యీ పిల్లకు తెలుగు చేస్తున్నది. వొకనాడు ఉర్దూ పెత్తనాన్ని ధిక్కరించిన మనం యీ సంగతి వొప్పుకోవడానికి యెందుకో వెనుకాడుతాం.

2004లో వుమ్మడి రాష్ట్రం యెనిమిది గిరిజన భాషలలో మొదటి తరగతుల బోధన మొదలుపెట్టింది, వాటిలో కోయ వొకటి. కోయమాటను తెలుగు లిపిలో అచ్చువేసిన వాచకం, పక్కన తెలుగు వాచకం. వొకే సంచిలో రెండు పుస్తకాలు, రెండూ తనవే. పదేళ్లకు, 2014లో, హద్దు మళ్లీ జరిగింది. చింతూరు, కూనవరం మండలాలు ఆంధ్రప్రదేశుకు పోయాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో వుండిపోయింది. వొకే కోయ కుటుంబానికి చెందిన అన్నపిల్లలూ చెల్లెలి పిల్లలూ యిప్పుడు రెండు రాష్ట్రాల వాచకాలు చదువుతున్నారు.