మెమరీకి తుని తగవు పనికిరాదు

ఇద్దరు పట్టుబట్టి కూర్చుంటే చెరిసగం చేసి పంపించే తీర్పును మనవాళ్లు తుని తగవు అంటారు. తుని మామిడి తోటల పంపకానికి అది సరిపోతుందేమో గానీ, కంప్యూటర్ మెమరీని అలా పంచితే యంత్రమే పడకేస్తుంది.

మాంచెస్టర్‌లో అట్లాస్ కంప్యూటర్ 1962 డిసెంబరులో మొదలైంది. దాని అసలు మెమరీ 16 వేల పదాలు, వెనక తిరిగే డ్రమ్ములో 96 వేలు. అంతకుముందు ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రామ్‌ను ముక్కలు చేసి, ఏ ముక్క ఎప్పుడు లోపలికి రావాలో తామే రాసుకునేవారు. టామ్ కిల్బర్న్ బృందం ఆ చాకిరీని యంత్రానికి అప్పగించింది. 512 పదాలకు ఒక పేజీ. ఏ గడిలో ఏ పేజీ ఉందో చెప్పడానికి 32 రిజిస్టర్లు. అడిగిన పేజీ లేకపోతే సూపర్‌వైజర్ అనే నియంత్రణ ప్రోగ్రామ్ దాన్ని డ్రమ్ము నుంచి తెచ్చిపెట్టేది. ప్రోగ్రామ్‌కు ఆ సంగతే తెలియదు.

చిక్కు తర్వాత వచ్చింది. ఒకే మెమరీలో చాలా ప్రోగ్రాములు చేరాక ఎవరి వాటా వారికి చాలలేదు. ఒకరి పేజీ తేవడానికి ఇంకొకరిది తీసేయాలి, మరుక్షణమే అది మళ్లీ కావాలి. ప్రాసెసర్ ఖాళీగా ఉండేది. అది చూసి సిస్టమ్ మరో ప్రోగ్రామ్‌ను లోపలికి పిలిచేది, దాంతో పని ఇంకా కుంటుపడేది. దీన్నే థ్రాషింగ్ అన్నారు.

ఎంఐటీ విద్యార్థి పీటర్ డెన్నింగ్ దీనికి దారి చూపించాడు. ఆయన వ్యాసం 1968లో అచ్చయింది. ఒక ప్రోగ్రామ్ ఈ మధ్య ముట్టుకున్న పేజీలే దాని వర్కింగ్ సెట్. ఆ సెట్ అంతా పట్టేలా మెమరీ ఇవ్వాలి, పట్టకపోతే ఒక ప్రోగ్రామ్‌ను పూర్తిగా పక్కన కూర్చోబెట్టాలి. అందరికీ అరకొర ఇవ్వడం కంటే కొందరికి కడుపునిండా ఇవ్వడమే మేలని తేల్చిన ఈ ధైర్యమే నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

అయితే ప్రోగ్రామ్ ఏ పేజీని ముట్టుకుందో తెలిసేదెలా? నేటి ఇంటెల్ ప్రాసెసర్లలో, ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పేజీ టేబుల్‌లోని ప్రతి ఎంట్రీలో ఒక యాక్సెస్డ్ బిట్ ఉంటుంది. పేజీని వాడగానే హార్డ్‌వేరే దాన్ని 1 చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ దాన్ని చెరిపేసి, కాసేపాగి మళ్లీ చూస్తుంది. 2014లో లైనక్స్ 3.15లో ఇంకో ఉపాయం చేరింది: ఫైలు పేజీని తీసేసిన చోట కెర్నెల్ ఒక గుర్తు వదులుతుంది. ఆ పేజీ త్వరగా తిరిగొస్తే దాన్ని తీసేయకుండా ఉండాల్సిందని గ్రహించి, ఈసారి చురుకైన పేజీల జాబితాలో పెడుతుంది. ఆ కోడ్ ఉన్న ఫైలుకు పెట్టిన పేరు వర్కింగ్‌సెట్.