ఇంకొక్క మాట సార్!

హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తే ఇక సీరియల్లో చూడ్డానికేముంది? 1968లో ఓ టెలిఫిల్మ్‌గా వచ్చి, 1971 నుంచి ఎన్‌బీసీలో సీరియల్‌గా నడిచిన 'కొలంబో' చేసింది సరిగ్గా అదే. రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ సృష్టించిన ఈ లాస్ ఏంజెలిస్ పోలీసుకి తుపాకీ విన్యాసాల్లేవు. నలిగిన రెయిన్‌కోటు (నటుడు పీటర్ ఫాక్ సొంతానిదే), డొక్కు ప్యూజో కారు, నోట్లో చుట్ట! హంతకులేమో ఎక్కువగా బంగళాల్లో ఉండే పెద్దమనుషులు. 'వీడేం కనిపెడతాడులే' అనుకుంటారు. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి "ఇంకొక్క మాట సార్" అంటాడు. అంతే, వాళ్ళ పని అయిపోయినట్టే.

నాకు నచ్చేది ఆ అడగడమే. తెలివితక్కువవాడిలా కనబడతానేమోనని మీటింగుల్లో చాన్నాళ్ళు నోరు మూసుకున్నాను. అడగని ఆ ప్రశ్నే ఓసారి ప్రొడక్షన్లో బగ్గై కూర్చుంది. ఇప్పుడు సిగ్గుపడకుండా అడిగేస్తున్నా.