పక్క సీటు చరిత్ర

ఇంటర్ పరీక్షలు అయిపోగానే మన ఇళ్ళల్లో ఒక పేచీ మొదలవుతుంది. బండి తాళాల పేచీ. మొదట వీధి చివరిదాకా అంటారు, తర్వాత ట్యూషన్ దాకా, ఆపైన తెనాలి నుంచి బాపట్ల సూర్యలంక దాకా. మగపిల్లలు పదిహేనేళ్ళకే అడుగుతారు, ఇచ్చేస్తాం. ఆడపిల్ల అడిగితే "పెళ్ళయ్యాక మీ ఆయన నేర్పుతాడులే" అంటాం. ఈ రెండు జవాబుల్లో ఏదీ చట్టం చెప్పినది కాదు. చట్టం నిజానికి ఏం చెప్పింది, మనం ఎక్కడ దారి తప్పాం అని వెతికితే, ఆ కథంతా మన గుమ్మం ముందే జరిగింది.

మా పుట్టిల్లు రేపల్లె, మెట్టినిల్లు తెనాలి, ఆడపడుచుది బాపట్ల. మూడు ఊళ్ళలోనూ మా చిన్నప్పుడు పిల్లలకి మొదటి బండి అద్దె సైకిలే. గంటకింత అని షాపులో తెచ్చుకుని, సీటు అందకపోతే బారు కింద నుంచి కాలు దూర్చి, కాలవకట్ట మీద తొక్కేవాళ్ళు. వెనక క్యారేజీ పట్టుకుని పరుగెత్తే అన్నయ్యో బాబాయో గురువు. పడితే మోకాలు చెక్కుకుపోయేది, అంతటితో సరి.

మోటారు సంగతి వేరు. దేశమంతటికీ వర్తించే మోటారు వాహనాల చట్టం 1914లోనే వచ్చింది. 1939లో దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. ఆ కాలంలో మన డెల్టా ఊళ్ళల్లో కారున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆ కారుకీ డ్రైవరు ఉండేవాడు. పిల్లలకి ఎవరు నేర్పాలన్న ప్రశ్న మామూలు ఇళ్ళదాకా రాలేదు.

ఆ ప్రశ్నని ఇంట్లోకి తెచ్చింది మోపెడ్. 1972లో కైనెటిక్ వాళ్ళ లూనా వచ్చింది. 1980లో టీవీఎస్ 50 వచ్చింది. రెండూ 50 సీసీ బళ్ళు. గేర్లు లేవు, బరువు లేదు. పాలవాళ్ళు క్యాన్లు కట్టుకున్నారు, టీచరమ్మలు బడికి వెళ్ళారు. సైకిలు వచ్చినవాళ్ళకి అదేం బ్రహ్మవిద్య కాదు.

1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన 1988 నాటి చట్టం ఈ బళ్ళకి చోటిచ్చింది. ఏ మోటారు బండి నడపాలన్నా 18 ఏళ్ళు నిండాలి. కానీ 50 సీసీ మించని బండికి 16 చాలు. ఆ వయసులో ఎల్ఎల్ఆర్ కావాలంటే తల్లో తండ్రో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంటే సైకిలుకీ స్కూటరుకీ మధ్య ఒక మెట్టు కట్టి, ఆ మెట్టు ఎక్కించే పని కన్నవాళ్ళకి అప్పజెప్పారు.

ఆ మెట్టు కింద నుంచి బండి జారిపోయింది. 1984లో వచ్చిన కైనెటిక్ హోండాకే 98 సీసీ ఇంజను. 2001లో యాక్టివా వచ్చింది, అదీ వంద దాటింది. ఇవాళ ఎరువుల బస్తాలు మోసే టీవీఎస్ ఎక్సెల్ కూడా దాదాపు 100 సీసీ. 50 సీసీ పెట్రోలు బండి షోరూముల్లో కనపడదు. చట్టంలో మాత్రం ఆ మాట అలాగే ఉంది. పదహారేళ్ళ పిల్లకి హక్కుంది, ఎక్కడానికి బండి లేదు. కాలేజీ మాత్రం దూరమే. అందుకే మనవాళ్ళు ఆ మెట్టు మింగేసి సరాసరి 110 సీసీ తాళాలు చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. లైసెన్సు అక్కర్లేని చిన్న బ్యాటరీ బళ్ళున్నాయి కానీ, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం అనేసరికి పిల్లలు మూతి ముడుస్తారు.

దానికి జవాబే 2019 సవరణ. ఆ సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న 199ఎ సెక్షను కింద, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులూ బండి యజమానీ దోషులే. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "మాకు తెలియకుండా తీసుకెళ్ళాడు" అంటే చాలదు, దాన్ని మనమే నిరూపించుకోవాలి.

మరి నేర్పడానికి చట్టం దారి చూపలేదా? చూపింది. 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్ఎల్ఆర్ ఉన్న వ్యక్తి రోడ్డు మీద నడపవచ్చు. పక్కన లైసెన్సు ఉన్న మనిషి, బండిని ఆపగలిగే వీలున్న చోట కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లపలక మీద ఎర్ర ఎల్ ఉండాలి. ఆ పక్క మనిషి డ్రైవింగ్ స్కూలు వాళ్ళే కానక్కర్లేదు. నాన్న కావచ్చు, అమ్మ కావచ్చు. కాకపోతే ఆ అమ్మకి లైసెన్సు ఉండాలి.

ఇక్కడే మనం చిక్కుకుంటాం. పిల్లల్ని పొద్దున్నే పంపించేదీ, రాత్రి ఆలస్యమైతే గుమ్మంలో నిలబడేదీ మనం. పక్క సీట్లో కూర్చునే అర్హత మాత్రం మనలో చాలామందికి లేదు. "మీ ఆయన నేర్పుతాడులే" అన్న మాట ఒక తరంతో ఆగలేదు. నేర్చుకోని తల్లి నేర్పలేదు.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1997 నుంచి తల్లిదండ్రులే గురువులుగా ఉండే పద్ధతి నడుపుతోంది. మన గుంటూరు, తెనాలి వాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. పదిహేనేళ్ళ పిల్లకి అమ్మ నేర్పవచ్చు, కానీ ప్రభుత్వం ఆమోదించిన పాఠాలతోనే. బండితో మొత్తం 44 గంటలు, అందులో 30 గంటలు కేవలం సాధన. గంటలు లెక్క రాసి సంతకం పెట్టాలి. అక్కడి అమ్మ సంతకం అంటే ఇన్ని గంటలు పక్కన కూర్చున్నానని.

మన డ్రైవింగ్ స్కూళ్ళకీ నిబంధన ఉంది. కారుకి కనీసం 21 రోజులు, అందులో చేత్తో స్టీరింగు పట్టే సమయం పది గంటలకి తగ్గకూడదు. గురువు వైపు కూడా బ్రేకుండాలి. 2021 జూలై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలనే కొత్త పద్ధతీ వచ్చింది. నాలుగు వారాల్లో 29 గంటల కోర్సు చేసి పాసైతే ఆర్టీవో పరీక్ష ఉండదు. స్కూల్లో చేరి ఐదు రోజులకే "వచ్చేసింది" అంటే నమ్మకండి, గంటలు అడగండి.

మా అమ్మాయికి మొన్న 18 నిండాయి. ఇద్దరం ఒకే రోజు ఎల్ఎల్ఆర్‌కి పెట్టుకున్నాం. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాకే అసలు పరీక్ష. ప్రస్తుతం స్కూలు కారులో వంతులవారీగా నేర్చుకుంటున్నాం. దాని తమ్ముడికి పదిహేను. వాడు తాళాలు అడిగితే ఇంకా మూడేళ్ళు ఆగాలంటున్నాను. ఆ మూడేళ్ళూ సైకిలే. ఆ తర్వాత పక్క సీట్లో నేనుంటాను, అప్పటికి నా చేతిలో లైసెన్సు ఉంటుంది.