ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ ఆటలలో క్లబ్బుల వైరం

ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ ఆటలు అనగా క్రీడాకారుని పాత్రలో కాక, క్లబ్బు మేనేజరు పాత్రలో ఆడే కంప్యూటర్ ఆటలు. ఇందులో ఆడేవారు బంతిని తన్నరు. జట్టును ఎంపిక చేయడం, వ్యూహాన్ని రచించడం, క్రీడాకారులను కొనడం, అమ్మడం, విలేఖరులకు సమాధానం చెప్పడం వారి పనులు. ఈ ఆటలలో రెండు క్లబ్బుల మధ్య నెలకొనే దీర్ఘకాలిక స్పర్ధను క్లబ్బుల వైరం అంటారు. ఇది రెండు విధాలు. నిజ జీవితంలోని వైరాన్ని తయారీదారులు ముందుగానే ఆట సమాచారంలో నమోదు చేయగా కనిపించేది మొదటిది. ఆట సాగే కొద్దీ వచ్చే ఫలితాల వలన కొత్తగా పుట్టేది రెండవది. మొదటి దానికి ఆధారం క్లబ్బుల చరిత్ర. రెండవ దానికి ఆధారం ఆడేవారి జ్ఞాపకం.

నిజ జీవితంలో వైరానికి కారణాలు

ఆటలలో నమోదైన వైరాలకు మూలం నిజమైన క్లబ్బుల చరిత్రలో ఉన్నది. ముఖ్యమైన కారణాలు ఇవి:

* సామీప్యత: ఒకే ఊరికి లేదా ఇరుగుపొరుగు ఊళ్ళకు చెందిన క్లబ్బుల మధ్య జరిగే పోటీని డెర్బీ అంటారు. లివర్‌పూల్ నగరంలోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో మొదట ఎవర్టన్ క్లబ్బు ఆడేది. 1892లో మైదానం విషయమై వచ్చిన తగాదా వలన ఎవర్టన్ అక్కడి నుండి తరలిపోగా, ఖాళీ అయిన ఆన్‌ఫీల్డ్‌లో ఆడుటకు లివర్‌పూల్ క్లబ్బు స్థాపించబడినది.
* మతం, వలస: స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో సెల్టిక్ క్లబ్బుకు ఐర్లండ్ నుండి వలస వచ్చిన క్యాథలిక్కులు, రేంజర్స్ క్లబ్బుకు ప్రొటెస్టంట్లు సంప్రదాయకంగా అండగా నిలిచారు. కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ (స్థాపన 1920) అభిమానులలో అధికులు తూర్పు బెంగాల్ మూలాలు గలవారు. వీరి చిరకాల ప్రత్యర్థి మోహన్ బగాన్ (స్థాపన 1889). ఈ రెండు జట్ల మధ్య 1997 జూలై 13న జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌ను సుమారు 1,31,000 మంది ప్రేక్షకులు చూశారు.
* సమాన స్థాయిలో పోటీ: బ్రైటన్, క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బుల మధ్య దూరం సుమారు 65 కిలోమీటర్లు. అయినను 1976-77 సీజన్‌లో రెండు క్లబ్బులూ మూడవ డివిజన్ నుండి పైకి ఎగబాకుటకు పోటీ పడుతూ, లీగులో రెండుసార్లు, ఎఫ్.ఎ. కప్‌లో మూడుసార్లు, మొత్తం ఐదుసార్లు తలపడ్డాయి. మేనేజర్లు అలన్ ములరీ, టెర్రీ వెనబుల్స్ పూర్వం టాటెన్‌హామ్ జట్టులో సహచరులు. ఆ ఒక్క సీజన్‌తో రాజుకున్న వైరం నేటికీ చల్లారలేదు.

చరిత్ర

ఈ తరహా ఆటలలో తొలితరం వాటిలో పేరొందినది కెవిన్ టామ్స్ రూపొందించిన ఫుట్‌బాల్ మేనేజర్ (1982). ఇందులో ఏ క్లబ్బును ఎంచుకున్ననూ నాలుగవ డివిజన్ నుండే ఆరంభించవలసి ఉండేది. నాటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తి మిక్కిలి స్వల్పం కనుక క్లబ్బుల మధ్య భేదం ప్రధానంగా పేరులోనే ఉండేది. వైరం అనేది ఆడేవారు తమ మనసులో వెంట తెచ్చుకున్నదే.

1992లో పాల్ కాలియర్, ఆలివర్ కాలియర్ అను సోదరులు రూపొందించిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ విడుదలయినది. దీని మొదటి రూపంలో క్రీడాకారుల పేర్లు కల్పితాలు. తరువాతి రూపంతో నిజమైన పేర్లు చేరాయి. ఈ సోదరులు స్థాపించిన స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ 2003లో ప్రచురణకర్త అయిన ఐడాస్ నుండి విడిపోయినది. ఛాంపియన్‌షిప్ మేనేజర్ అను పేరు ఐడాస్ వద్దనే ఉండిపోగా, స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సెగా సంస్థతో కలిసి 2004లో ఫుట్‌బాల్ మేనేజర్ 2005ను వెలువరించినది. ఆ విధంగా ఈ ఆటల మధ్యనే కొన్ని సంవత్సరాల పాటు ఒక వైరం నడిచినది.

ఆటలో నమోదు

ఫుట్‌బాల్ మేనేజర్ శ్రేణిలో క్లబ్బుల సమాచారంలో ప్రత్యర్థుల జాబితా కూడా ఉంటుంది. స్థానిక వైరం, పోటీ వలన కలిగిన వైరం అనే భేదాలను కూడా ఇందులో గుర్తిస్తారు. ఈ సమాచారాన్ని వివిధ దేశాలలోని పరిశోధకులు సేకరిస్తారు. ఆటతో లభించే ఎడిటర్ ద్వారా ఆడేవారు ఈ జాబితాను మార్చుకొనవచ్చును. క్రీడాకారులకు కూడా ఇష్టమైన క్లబ్బులు, గిట్టని క్లబ్బులు నమోదై ఉంటాయి.

ప్రభావాలు

* బదిలీలు: ప్రత్యర్థి క్లబ్బుకు క్రీడాకారుని అమ్ముటకు క్లబ్బులు వెనుకాడతాయి, లేదా అధిక ధర అడుగుతాయి. క్రీడాకారుడే వెళ్ళుటకు నిరాకరించవచ్చును. ఇది వాస్తవానికి దూరం కాదు. 1964లో ఫిల్ చిస్నాల్ తరువాత మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ క్లబ్బుల మధ్య నేరుగా బదిలీ జరుగలేదు. 2000లో బార్సిలోనాను వీడి రియల్ మాడ్రిడ్‌లో చేరిన లూయిస్ ఫిగో 2002లో ఆ మైదానానికి తిరిగి వచ్చినప్పుడు ప్రేక్షకులు విసిరిన వస్తువులలో పంది తల కూడా ఉన్నది.
* అభిమానులు: ప్రత్యర్థి చేతిలో ఓటమి సాధారణ ఓటమి కన్నా ఎక్కువ అసంతృప్తిని కలిగిస్తుంది. ఫుట్‌బాల్ మేనేజర్ 2023లో అభిమానుల విశ్వాసాన్ని ప్రత్యేకంగా లెక్కించే ఏర్పాటు ప్రవేశపెట్టబడినది.
* క్రీడాకారుల స్వభావం: ముఖ్యమైన పోటీలలో ఎవరు నిబ్బరంగా ఆడగలరో తెలిపే గుణం ఒకటి ఆడేవారికి కనిపించకుండా 1 నుండి 20 వరకు గల కొలమానంపై నమోదై ఉంటుంది.

కొత్త వైరాల పుట్టుక

ఒకే ఆటను పదుల సీజన్ల పాటు కొనసాగించవచ్చును. నిజమైన క్రీడాకారులు విరమించిన పిదప వారి స్థానంలో కంప్యూటర్ సృష్టించిన క్రీడాకారులు వస్తారు. చిన్న క్లబ్బులు పైకి, పెద్ద క్లబ్బులు క్రిందికి పోతాయి. ఒకే స్థానం కొరకు తరచుగా పోటీ పడే క్లబ్బులు కాలక్రమంలో ప్రత్యర్థుల జాబితాలో చేరగలవు.

అయితే జాబితాలో చేరక ముందే ఆడేవారి దృష్టిలో వైరం మొదలవుతుంది. దీనికి సాధారణంగా మూడు అంశాలు తోడ్పడతాయి: రెండు జట్లు ఇంచుమించు సమాన బలం కలిగి ఉండడం, కొద్దికాలంలో పలుమార్లు తలపడడం, ఆ పోటీలలో పదోన్నతి లేదా కప్పు వంటి విలువైనది చేజారడం. బ్రైటన్, ప్యాలెస్ క్లబ్బుల విషయంలో 1976-77లో జరిగినదీ ఇదే. కేవలం ఒక సీజన్‌లో ఓడించిన జట్టును ఆడేవారు మరచిపోతారు. వరుసగా మూడేళ్ళు అడ్డుపడిన జట్టును మరువరు.

1997లో స్వీడన్‌లో మొదలైన హాట్రిక్ వంటి ఆన్‌లైన్ ఆటలలో ప్రత్యర్థి కూడా మనిషే. ఎనిమిది జట్ల విభాగంలో ఒక్కొక్క జట్టుతో సీజన్‌కు రెండుసార్లు ఆడవలసి ఉంటుంది కనుక, ఇచ్చట జ్ఞాపకం ఇరువైపులా ఉంటుంది. కంప్యూటర్ నడిపే క్లబ్బుకు పాత ఓటమి ఒక లెక్క మాత్రమే.

పరిమితులు

ఆట వైరాన్ని చూపగలదు కానీ దాని కారణాన్ని పూర్తిగా చూపలేదు. గ్లాస్గో డెర్బీకి వెనుక ఉన్న మత విద్వేషం, దాని వలన వీధులలో జరిగిన హింస ఈ ఆటలలో కనిపించవు. ఆర్థికంగా కూలిపోయిన రేంజర్స్ 2012లో నాలుగవ శ్రేణి నుండి మళ్ళీ ఆరంభించవలసి రాగా, నాలుగు సీజన్ల పాటు సెల్టిక్‌తో లీగు పోటీలే లేవు. అయినను వైరం తగ్గలేదు. పోటీల సంఖ్యను బట్టి మాత్రమే లెక్కించే పద్ధతికి ఇది అందదు.

వింబుల్డన్ ఉదంతం మరింత క్లిష్టమైనది. లండన్‌లోని ఈ క్లబ్బును సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించుటకు 2002లో అనుమతి లభించగా, అభిమానులు అదే సంవత్సరం ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అను కొత్త క్లబ్బును స్థాపించి దిగువ స్థాయి లీగు నుండి ఆరంభించారు. తరలిపోయిన క్లబ్బు 2004లో మిల్టన్ కీన్స్ డాన్స్ అని పేరు మార్చుకున్నది. ఈ రెండూ 2012 డిసెంబరు 2న ఎఫ్.ఎ. కప్‌లో తొలిసారి తలపడగా, డాన్స్ జట్టు 2-1తో గెలిచినది. ఒక్క పోటీ కూడా జరుగక ముందే పదేళ్ళుగా ఉన్న వైరమిది. దీనిని స్థానిక వైరమనుటకు గాని, పోటీ వలన కలిగినదనుటకు గాని వీలు లేదు. ఈ అభిమానుల క్లబ్బుకు ఆరంభం నుండి పలు సీజన్ల పాటు ఆర్థిక ప్రాయోజకులుగా నిలిచినది ఫుట్‌బాల్ మేనేజర్ తయారీదారులైన స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థయే.