కవాతు నుంచి కంచు దాకా: చేతి గడియారం సింహావలోకనం

మగవాళ్ల మణికట్టుకు గడియారం కట్టింది యుద్ధం. కంచు అంతకు కొన్ని వేల ఏళ్ల ముందే యుద్ధానికి వెళ్లింది. కత్తిగా, బల్లెపు మొనగా, ఆ తర్వాత ఫిరంగిగా. అయినా ఏ పెద్ద సైన్యమూ తన జవాన్లందరికీ కంచు వాచీలు పంచలేదు. ఇవాళ 'మిలిటరీ మోడల్' అంటూ అమ్ముతున్న కంచు వాచీలో ఈ రెండు చరిత్రలూ ఈ మధ్యే వచ్చి కలిశాయి. ఆ కలయిక ఎలా కుదిరిందో చూడటానికి ఇల్లందు, కొత్తగూడెం మధ్య ఉన్న టేకులపల్లి మంచి చోటు. ఒక పక్క అడవి, ఇంకో పక్క బొగ్గు. కాలాన్ని కొలిచే పద్ధతులన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఈ దారినే వచ్చాయి, కొన్ని పోయాయి, కొన్ని ఉండిపోయాయి.

గడియ కుడుక, గంట

పాత లెక్కలో రోజుకు 60 గడియలు. గడియకు 24 నిమిషాలు, ఏడున్నర గడియలకు ఒక జాము. అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి కుడుకను నీళ్ల మీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టేది ఒక గడియ. పెళ్లి ముహూర్తాలు ఆ కుడుక మీదే నడిచేవి. అయితే కుడుక చప్పుడు చేయదు. గడియ అయిందని నలుగురికీ తెలియాలంటే గంట కొట్టాలి, ఆ గంట కంచుదై ఉండాలి. కోటలో అయినా గుడిలో అయినా కాలాన్ని కొలిచేది ఒక్కడే, వినేది ఊరంతా. సమయం ఎవరి సొంతమూ కాదు.

అదే కంచు బురుజు మీద ఇంకో పని చేసింది. ఔరంగజేబు కాలంలో పోతపోసిన ఫతే రహబర్ ఫిరంగి ఇప్పటికీ గోల్కొండలో ఉంది. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం నడిపిన ఫిరంగుల కార్ఖానా పోయినా, హైదరాబాద్ నడిబొడ్డున గన్‌ఫౌండ్రీ అన్న పేరు మిగిలింది. రాగికి తగరం కలిపితే కంచు. ఎంత కలిపారన్నదాన్ని బట్టి దాని పని మారుతుంది. నూటికి 20 పాళ్లు దాటి తగరం పడితే లోహం గట్టిపడి ఖంగుమంటుంది కానీ దెబ్బకు పెళుసు. గంటకు అది సరిపోతుంది. 10 పాళ్ల దగ్గర ఆపితే మోత తగ్గి, దెబ్బకు ఓర్చుకునే గుణం వస్తుంది. ఫిరంగికి కావలసింది అదే. ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ పనికొస్తుంది.

ఇక అడవిలో కోయ గూడేలకు గంట కూడా అక్కర్లేదు. కోడి కూసిందంటే లేవడం, ఇప్పపూలు రాలే కాలంలో తెల్లారకముందే గంపతో చెట్టు కిందికి చేరడం, ఎండలు ముదిరితే తునికాకుకు పోవడం. ఏ పని ఎప్పుడు చేయాలో చెట్టే చెప్పేది. ఆలస్యమైతే పూలు పశువుల పాలు, అంతే. నిమిషంతో ఎవరికీ పని లేదు.

బొగ్గు తెచ్చిన నిమిషం

నిమిషం ఇక్కడికి బొగ్గుతో వచ్చింది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకాల హక్కు పొందింది, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. డోర్నకల్ మీదుగా రైలు పట్టాలూ అప్పుడే వచ్చాయి. 1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ అయింది.

రైలు తనతో పాటు సమయాన్నీ తెచ్చింది. ఆ రోజుల్లో దేశంలో రైళ్లకు మద్రాసు సమయమే ప్రమాణం. మద్రాసూ టేకులపల్లీ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కాబట్టి, రైలు గడియారంలో పన్నెండైతే ఇక్కడి సూర్యుడూ ఇంచుమించు నడినెత్తిన ఉండేవాడు. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల రేఖాంశం దేశానికంతటికీ ప్రమాణమైంది. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. అప్పటి నుంచి టేకులపల్లి సూర్యుడు గడియారం కంటే సుమారు 8 నిమిషాలు వెనకే నడుస్తున్నాడు. పక్కనే భద్రాచలంలో శ్రీరామనవమికి అభిజిత్ లగ్నం మధ్యాహ్నం పన్నెండింటికని ఊరూరా టీవీల ముందు కూర్చుంటారు. ఆ పన్నెండు గోదావరి ఒడ్డున ఉన్న సూర్యుడిది కాదు, దేశం మొత్తానికి కలిపి ఒప్పుకున్నది.

బొగ్గు బాయి ఈ లెక్కను ఒంటికి పట్టించింది. పొద్దున 7 నుంచి 3 దాకా ఫస్ట్ షిఫ్టు, 3 నుంచి రాత్రి 11 దాకా సెకండ్ షిఫ్టు, 11 నుంచి తెల్లారి 7 దాకా నైట్ షిఫ్టు. సైరన్ కూసిందంటే ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి బడి పిల్లల దాకా అందరికీ టైము తెలిసేది. మస్టర్ పడకపోతే ఆ రోజు కూలి లేదు. టేకులపల్లి మండలంలోనే కోయగూడెం ఓపెన్‌కాస్టు ఉంది. తాతల నాడు ఇప్పపూలకు లేచిన గూడేల పక్కనే మనవల తరం షిఫ్టు చూసుకుని లేచింది. గంట పోయి సైరన్ వచ్చినా ఒకటి మారలేదు: సమయం చెప్పేవాడు ఒకడు, వినేవాళ్లు అందరూ.

కందకంలో మణికట్టు

ఆ ఏర్పాటును మార్చింది యుద్ధం. దక్షిణాఫ్రికాలో 1899-1902 బోయర్ యుద్ధంలో బ్రిటిష్ అధికారులు జేబు గడియారాన్ని తోలు పట్టీలో ఇరికించి చేతికి కట్టుకున్నారు. ఒక చేత తుపాకీ, ఇంకో చేత కళ్లెం ఉంటే జేబులో చెయ్యి పెట్టే తీరికెక్కడిది? మొదటి ప్రపంచ యుద్ధంలో అది అలవాటు దాటి అవసరమైంది. వెనక నుంచి ఫిరంగి గుండ్లు ఎక్కడ ఏ నిమిషానికి పడాలో, వాటి వెనకే కాల్బలం ఏ నిమిషానికి కదలాలో ముందే రాసిపెట్టేవారు. నిమిషం తేడా వస్తే సొంత గుండ్లకే సైనికులు బలి. 1916 జులై 1న సోమ్ యుద్ధరంగంలో ఉదయం 7:30కు దాడి మొదలైంది. అంతకుముందు వాచీలన్నీ ఒకే సమయానికి కలుపుకున్నారు. మగవాడు చేతికి వాచీ కడితే ఆడవాళ్ల సోకు అని నవ్విన సమాజం యుద్ధం ముగిసేసరికి నోరు మూసుకుంది.

ఆ యుద్ధానికి మనవాళ్లూ వెళ్లారు. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి మిలిటరీ మాధవరం అని పేరు రావడానికి రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అక్కడి నుంచి వెళ్లిన సైనికులే కారణం. 1918లో పాలస్తీనాలో పోరాడిన అశ్వదళ బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరులతో పాటు హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అంటే ఆ మూడు సంస్థానాల సైనికుల విగ్రహాలే. అవి కంచు విగ్రహాలు. సైనికుడి స్మృతికి కంచు వాడారు కానీ అతని చేతి గడియారానికి వాడలేదు. అప్పటి వాచీలు వెండివి, నికెల్‌వి.

చీకట్లో కనపడటానికి ముళ్లకు, అంకెలకు రేడియం పూత పూసేవారు. అమెరికాలో ఆ పూత పూసిన అమ్మాయిలు కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకుంటూ, తెలియకుండానే రేడియం మింగారు. దవడ ఎముకలు కుళ్లి ఎందరో చనిపోయారు. 1928లో ఆ పని చేయించిన కంపెనీ నష్టపరిహారానికి ఒప్పుకుంది. ఆ విషం వాడకం ఏనాడో ఆగిపోయినా, చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ మనం ఇవాళ్టికీ రేడియం అనే అంటున్నాం.

రెండో ప్రపంచ యుద్ధం చివరికి బ్రిటిష్ సైన్యం తనకెలాంటి వాచీ కావాలో కాగితం మీద పెట్టింది: నల్లటి డయల్, పెద్ద అంకెలు, చీకట్లో వెలుగు, నీళ్లు దూరని కట్టుదిట్టం. 12 కంపెనీలు ఆ కొలతలకు వాచీలు చేసి ఇచ్చాయి. వెనక మూత మీద ప్రభుత్వ బాణం గుర్తు, నంబరు ఉండేవి. ఒకటి పోతే ఇంకొకటి ఇవ్వాలి, రెంటికీ తేడా తెలియకూడదు. సైన్యపు వాచీ అసలు లక్షణం ఇదే. అది కట్టుకున్నవాడిది కాదు, సర్కారుది.

అల్లుడి చేతి మీదికి

మన దేశంలో ఆ వాచీ సిపాయిల చేతుల మీదుగా ఊళ్లకు చేరింది. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, ఫావ్రే లూబా అనే స్విస్ సంస్థలు 19వ శతాబ్దంలోనే బొంబాయిలో దుకాణాలు తెరిచాయి. వెస్ట్ ఎండ్ తన వాచీకి సవార్ (రౌతు) అని పేరు పెట్టిందంటే ఏ ఆశ్విక దళాన్ని చూసి అమ్మిందో తెలుస్తూనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ జపాన్ సిటిజన్ సాయంతో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, జవాన్ అంటూ పెట్టిన పేర్లలోనే ఆ కాలపు దేశభక్తి ఉంది. నల్ల డయల్ పైలట్ మన తరాలకు తెలిసిన అసలు మిలిటరీ వాచీ.

సైకిలు, వాచీ, రేడియో లేకుండా కట్నాల మాట తెగని రోజులు అవి. మేనల్లుడికి ఉద్యోగం వస్తే మామ వాచీ కొనిచ్చేవాడు. బస్టాండు పక్కన వాచీ రిపేరు బల్ల ఉండేది. మిస్త్రీ ఒక కంటికి భూతద్దం బిగించి వెనక మూత తిప్పేవాడు. లోపల ఎర్రటి రాళ్ల మధ్య బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ సెకనుకు 5 సార్లు టిక్కుమనేది. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది, సూది మొనతో నూనె చుక్క పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "పొద్దున్నే ఒకే టైముకు కీ ఇవ్వు అన్నా, మళ్లీ నా దగ్గరికి రావు" అని చేతిలో పెట్టేవాడు.

ఆ బల్లను ఖాళీ చేసింది కీ అక్కర్లేకుండా బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ. 1969 డిసెంబర్ 25న జపాన్ కంపెనీ సీకో తొలి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ అదే సీకో సాంకేతికతతో వాచీలు చేసింది. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు చేసిన ఆ తెలుగు కంపెనీ 1990లలో చితికిపోయింది. ఇప్పుడు ఆల్విన్ అంటే మియాపూర్ దగ్గర ఒక చౌరస్తా, కూకట్‌పల్లి దగ్గర ఒక కాలనీ. 1984లో పుట్టిన టైటాన్ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హోసూరులో ఫ్యాక్టరీ పెట్టి క్వార్ట్జ్‌నే నమ్ముకుని నిలబడింది. కీ వాచీల మీద బతికిన హెచ్‌ఎంటీ వాచీల విభాగం 2016లో మూతపడింది. ఆ లోపే సెల్‌ఫోన్ వచ్చింది. టైము తెలుసుకోవడానికి వాచీ కొనే అవసరం అంతటితో తీరిపోయింది.

కంచు కోరిక

సరిగ్గా అవసరం తీరిన చోటే కంచు వాచీకి గిరాకీ మొదలైంది. స్విస్ డిజైనర్ జెరాల్డ్ జెంటా అంతకుముందే 1980లలో అడవిలో వేటకు పోయేవాళ్ల కోసం కంచు వాచీ చేశాడు. స్టీలులా అది ఎండకు తళుక్కుమనదు. అది డబ్బున్న వేటగాళ్ల సరదాగానే మిగిలింది. 2011లో పనెరాయ్ అనే వాచీల కంపెనీ 1,000 కంచు వాచీలు చేసింది, వాటి కోసం జనం ఎగబడ్డారు. 2016లో ట్యూడర్ అదే దారి పట్టింది. ఆ తర్వాత చిన్నా పెద్దా కంపెనీలన్నీ నల్ల డయల్, పెద్ద అంకెలు, తోలు పట్టీ జోడించి కంచు కేసుతో మిలిటరీ మోడల్ అమ్ముతున్నాయి. నిజమైన జవాన్ల చేతికి మాత్రం ఎక్కువగా కనిపించేది ప్లాస్టిక్ డిజిటల్ వాచీలే.

అయినా 'మిలిటరీ' అన్న మాట పూర్తిగా బుకాయింపు కాదు. వాచీలకు ఎక్కువగా వాడే కంచులో రాగి 92 పాళ్లు, తగరం 8 పాళ్లు. ముందు చెప్పిన లెక్కతో పోల్చితే గంట కంటే ఫిరంగికే ఇది దగ్గరి చుట్టం.

కొనదలిచినవాళ్లు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కంచు రంగు పూత వేరు, కంచు వేరు. పూత అంచుల్లో గీసుకుపోయి లోపలి తెల్ల లోహం బయటపడుతుంది. అసలు కంచు కొన్ని వారాల్లో గోధుమ రంగుకు తిరిగి, తర్వాత మూలల్లో పచ్చటి చిలుము పడుతుంది. వర్షాకాలమంతా గాలి చెమ్మగా ఉండే ఈ అడవి ప్రాంతంలో ఆ మార్పు త్వరగానే వస్తుంది. చెమటలోని ఉప్పు రాగిని తాకి చర్మానికి పచ్చ మరక అంటకుండా, మంచి వాచీలకు వెనక మూత స్టీలుతోనో టైటానియంతోనో చేస్తారు. తొందరపడేవాళ్లు ఉడికిన గుడ్డుతో కలిపి డబ్బాలో మూసి, గుడ్డులోని గంధకంతో నల్లబరుస్తారు. చిలుము వద్దనుకుంటే ఇంట్లో చింతపండు ఉండనే ఉంది. రెండు నిమిషాలు రుద్ది కడిగితే మళ్లీ మొదటికి వస్తుంది. పట్టీ విప్పి, కీ తిప్పే పిడి బిగించి ఉందో లేదో చూసుకుని మరీ రుద్దాలి.

ఇన్ని తరాల కథ చివర తేలేది ఒకటే. సైన్యం వాచీకి విలువ అన్నీ ఒకేలా ఉండటంలో ఉంది, కంచు వాచీకి విలువ ఏ రెండూ ఒకేలా ఉండకపోవడంలో ఉంది. ఒకటి సర్కారు నిమిషాన్ని మోసింది. రెండోది కట్టుకున్నవాడి చెమటనీ వాననీ లెక్క రాస్తుంది. అందుకని సైనిక చరిత్ర చేతికి కట్టుకోవాలనుకునేవాళ్లు పాత హెచ్‌ఎంటీ పైలట్ వెతికి కొనుక్కుంటే చాలు, చవకలో అసలైనది దొరుకుతుంది. కంచు వాచీ కొనేవాళ్లు శౌర్యం కోసం కొనకూడదు. గంటకో సైరనుకో తలవంచిన తరాల తర్వాత సమయాన్ని తన ఇష్టానికి తాను కట్టుకోగలిగిన మొదటి తరం మనది. ఆ వెసులుబాటు కోసం కొనుక్కుంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్టే.