జాంకనూ: పేరు, ముసుగు

జమైకా ద్వీపమున క్రిస్మసు దినములలో నాడు ముసుగు నృత్యమునకు జాంకనూ యని పేరు. ఎడ్వర్డు లాంగు 1774లో ప్రకటించిన జమైకా చరిత్రమున, ఎద్దుకొమ్ములును పందికోరలును గల ముసుగు దాల్చి, కొయ్యకత్తి చేబూని యింటింటికి దిరుగు నర్తకుని వర్ణించెను. గినీ తీరమున 1720 ప్రాంతమున ప్రసిద్ధుడైన జాన్ కోనీ యను నాయకుని పేరే దీనికి వచ్చెనని యాతని యూహ. ప్రష్యావారు డచ్చివారి కమ్మిన కోటను వదలక యెదిరించిన వీరుడీ కోనీ. బానిసలట్టివానిని స్మరించుట యసంభవము కాదు. 'అపరిచితులు' అను నర్థము గల ఫ్రెంచి మాటయే మూలమనువారును గలరు. ఫ్రెంచి కాందిశీకులు జమైకాకు విరివిగా వచ్చినది 1791 తరువాత. పేరో, లాంగునాటికే యున్నది. కావున నీ వాదము నిలువదు.

అయినను లాంగు తోటల యజమాని, బానిసత్వమును సమర్థించినవాడు. అతని యూహకంటె నతడు వర్ణించిన కొమ్ములే నాకు గట్టి సాక్ష్యముగ దోచుచున్నవి. కొమ్ముల ముసుగులు పశ్చిమాఫ్రికాలో సుప్రసిద్ధములు. 1837-38లలో బెలిసారియో కింగ్‌స్టను నగరమున ముద్రించిన చిత్రములలో మాత్రము, తలపై బొమ్మయిల్లు మోయువాడును, తెల్లని ముఖపు ముసుగు తొడిగిన నటుడును ప్రధానులు. వేషమున ఐరోపా పైకి వచ్చినది. వెనుక మ్రోగునది గుంబే వాద్యమే. నగరచిత్రములను బట్టి కొమ్ములు పోయినవనుకొనరాదు. ఎద్దుతల వేషగాడు నేటికిని జాంకనూ గుంపులలో కొమ్ములు విసరుచు పిల్లలను బెదరించుచున్నాడు.