డన్నాటర్ కోట నేలమాళిగలో

స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో, స్టోన్‌హేవెన్ ఊరికి దక్షిణాన, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద బండ మీద ఉన్నాయి డన్నాటర్ కోట శిథిలాలు. మూడు వైపులా ఉత్తర సముద్రమే. బండ ఎత్తు దాదాపు 50 మీటర్లు. గట్టు మీద నిలబడితే కోట కళ్లెదుటే ఉంటుంది గానీ, చేరాలంటే మెట్లన్నీ దిగి దాదాపు అలల దాకా వెళ్లి, మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి. దారి పక్క బండను ముట్టుకుంటే చేతికి తగిలేవి గుండ్రటి గులకరాళ్లు. సున్నంలో కూరి ఎండబెట్టినట్టు ఉంటాయి.

14వ శతాబ్దం చివర్లో సర్ విలియం కీత్ ఇక్కడ రాతి భవంతి లేపాడు. అది చర్చికి చెందిన పవిత్ర స్థలమని బిషప్ అతణ్ని వెలివేశాడు. 1395లో పోప్ కలగజేసుకున్నాకే ఆ గొడవ సద్దుమణిగింది.

కోటకు పేరు తెచ్చింది మాత్రం 1651-52 నాటి ముట్టడి. ఇంగ్లండ్ సేనాధిపతి క్రామ్‌వెల్ సేనల కన్ను లోపల దాచిన స్కాట్లాండ్ రాజచిహ్నాల మీద పడింది: కిరీటం, రాజదండం, ఖడ్గం. కోట అధికారి జార్జ్ ఒగిల్వీ సుమారు 70 మందితో ఎనిమిది నెలలు కాచుకున్నాడు. 1652 మే 24న కోట లొంగిపోయింది. సైనికులు ఎంత గాలించినా చిహ్నాలు దొరకలేదు. కినెఫ్ ఊరి పాస్టరు భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ వాటిని అప్పటికే దాటించేసింది. ఒగిల్వీ భార్యను పలకరించే నెపంతో వచ్చి నార మూటల్లో దాచి తీసుకెళ్లిందని ఒక కథ. తాళ్లతో కిందికి దించితే, సముద్రపు నాచు ఏరుకునే పనిమనిషి బుట్టలో వేసుకుపోయిందని ఇంకో కథ. ఎలా వెళ్లినా, 1660 దాకా అవి కినెఫ్ చర్చి నేల కిందే ఉన్నాయి.

చాలామంది ఈ కథ విని, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. కానీ ఎక్కువసేపు ఆగాల్సింది రాజుగారి పడకగది కింద ఉన్న నేలమాళిగలో.

1685లో అక్కడ 167 మందిని కుక్కారు. 122 మంది మగవాళ్లు, 45 మంది ఆడవాళ్లు. మత విషయాల్లో రాజు పెత్తనాన్ని ఒప్పుకోకపోవడమే వాళ్ల నేరం. గది పొడవు 16 మీటర్లు, వెడల్పు నాలుగున్నర. కాళ్ల కింద బురద, తూర్పున సముద్రం వైపు ఒక కిటికీ. మే నెలాఖరు నుంచి జులై దాకా అందులోనే. పాతికమంది ఆ కిటికీలోంచి బయటపడి కొండచరియ పట్టుకుని దిగారు. ఇద్దరు జారిపడి చనిపోయారు, పదిహేనుమంది మళ్లీ దొరికిపోయారు. రాజుకు విధేయత ప్రకటించిన 37 మందిని వదిలేశారు. మిగతావాళ్లలో చాలామందిని ఓడెక్కించి అమెరికాలోని న్యూజెర్సీకి పంపారు. దారిలో, దిగాక సుమారు 70 మంది పోయారు.

ఇక్కడ చనిపోయినవాళ్ల స్మారక శిల డన్నాటర్ చర్చి ఆవరణలో ఉంది. దాని మీద కొన్ని పేర్లున్నాయి. ఇద్దరు స్త్రీల పేర్లు మాత్రం తమకు తెలియవని చెక్కినవాళ్లే రాసిపెట్టారు. 1793లో రాబర్ట్ ప్యాటర్సన్ అనే ముసలి శిల్పి ఆ రాయిని శుభ్రం చేస్తుండగా రచయిత వాల్టర్ స్కాట్ చూశాడు. కినెఫ్ నుంచి బయటికొచ్చిన రాజచిహ్నాలు తర్వాత ఎడింబరో కోటకు చేరాయి; అక్కడ అందరూ మరిచిపోయిన పెట్టెను 1818లో తెరిపించి వాటిని వెలికి తీయించింది ఆయనే. కిరీటాన్ని ఇప్పుడు అక్కడే చూడొచ్చు.